తొక్కుడుబిళ్ళ ప్రాజెక్టు డైరీ: లైసెన్సు తిప్పలు

2024 జూన్ 9, ఆదివారం

కొత్తగా చూసేవాళ్ళ కోసం రెండు ముక్కలు. తొక్కుడుబిళ్ళ అంటే నేను రెండేళ్ళుగా సాయంత్రాలూ ఆదివారాలూ కూర్చుని చేస్తున్న గేమ్ మేకర్. బ్రౌజర్లోనే నడుస్తుంది, గళ్ళ మీద బొమ్మలు పేర్చుకుంటూ మ్యాప్ గీసుకుని, పక్కన "తాకితే", "ఉంటే", "లేకపోతే" అనే తెలుగు డబ్బాలు ఒకదాని కింద ఒకటి పెట్టుకుంటూ పోతే చిన్న ఆట తయారవుద్ది, ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు వస్తుంది, అది వాట్సాప్‌లో పంపినా అవతలివాళ్ళు ఫోన్లో తెరిచి ఆడేసుకోవచ్చు. అంతా గళ్ళు కాబట్టి ఆ పేరు. సుద్దముక్కతో వీధిలో గళ్ళు గీసి ఒంటికాలి మీద గెంతినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఈ వారమంతా డైలాగ్ బాక్సు మీదే. ఆటలో మనిషి మాట్లాడితే అక్షరాలు ఒక్కోటీ టకటకా పడే ఎఫెక్టు పెట్టా, చూసుకుని మురిసిపోయా కూడా. మా అక్క కూతురు ఏడో క్లాసు, నా టెస్టరు అదే, జీతం ఐస్‌క్రీములో. "మావయ్యా, స్త్రీ అని రాస్తే ముందు స వచ్చి, తర్వాత ఏదో విరిగి, మళ్ళీ అతుక్కుంటోంది" అంది. చూస్తే నిజమే. మనకి అది ఒక్క అక్షరం, మెషీన్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. నా కోడు ఒక్కోటే వదుల్తోంది కాబట్టి స, స్, స్త, స్త్, స్త్ర, స్త్రీ అని ఆరు వేషాలు వరసగా తెర మీద గెంతుతున్నాయి. మెల్లగా నడిపి చూస్తే నవ్వాగలేదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా మధ్యలో కనపడని క్యారెక్టరు ఒకటి దూరితే ఐఫోన్లే పడిపోయాయి, ఆపిల్ వాళ్ళు ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చేదాకా తెలుగు మెసేజ్ అంటే జనం భయపడ్డారు, దాంతో పోలిస్తే నాది చిన్న బగ్గే.

జూన్ 16

తేలింది. అక్షరాలు ముక్కలు చెయ్యడానికి బ్రౌజర్లలో సెగ్మెంటర్ అని రెడీమేడ్‌గా ఉంది, క్రోమ్‌లో ఎప్పట్నుంచో ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం మొన్న ఏప్రిల్‌లో 125తో వచ్చింది. పెట్టి చూస్తే నా లాప్‌టాప్‌లో స్త్రీ ఒక్క ముక్కగా వస్తోంది, అక్క వాళ్ళ పాత ఫోన్లో మాత్రం స్, త్, రీ అని మూడు ముక్కలు. ఒకే కోడు, రెండు జవాబులు, ఒక రాత్రంతా తల పట్టుకున్నా. కారణం ఏంటంటే, మన సంయుక్తాక్షరాల్ని విడగొట్టకూడదు అనే రూలు యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లలో నంబర్లిచ్చే ప్రమాణం) వచ్చిందే 2023 సెప్టెంబర్లో, 15.1 వెర్షన్‌తో. అంతకు ముందు బ్రౌజర్లకి పొల్లు దగ్గర అక్షరం అయిపోయినట్టే లెక్క.

అందుకని సెగ్మెంటర్ ఇచ్చిన ముక్క పొల్లుతో ఆగి, వెనకే హల్లు వస్తే రెండూ నేనే కలిపేస్తున్నా. నాలుగు లైన్ల కోడు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట్ తర్వాత కనపడని నాన్-జాయినర్ (అక్షరాలు అతుక్కోకుండా ఆపే గుర్తు) ఉంటుంది కదా, అక్కడ ముక్క పొల్లుతో కాకుండా దాంతో ముగుస్తుంది, కాబట్టి అది పొరపాటున అతుక్కోదు. ఇది నేను ఆలోచించి చేసింది కాదు, అదృష్టం కొద్దీ అలా కుదిరింది, చెప్పుకోకపోతే తప్పు.

జులై 7

అసలు గొడవ నిన్న మొదలైంది.

గాజువాక నుంచి ఒక డిగ్రీ కుర్రాడు తొక్కుడుబిళ్ళతో ఆట చేసి పంపాడు. ఫిషింగ్ హార్బర్లో తెప్ప వేసుకుని వెళ్ళి తుఫాను రాకముందే వెనక్కి రావాలి, వల బరువెక్కేకొద్దీ తెప్ప స్పీడు తగ్గుద్ది, ఎక్కువ చేపలకి ఆశపడితే ఇంటికి చేరవు. నా టూలుతో ఇంత చెయ్యొచ్చని నాకే తెలీదు, రెండు గంటలు ఆడా. చివర్లో అడిగాడు, "అన్నా, దీన్ని పది రూపాయలకి అమ్ముకుందామనుకుంటన్నా, ఇది నాదేనా? మీ టూల్ మీద జీపీఎల్ అనుంది, అంటే నా ఆట కూడా కోడుతో సహా అందరికీ ఇచ్చెయ్యాలా?"

జీపీఎల్ అంటే, ఈ కోడు కలిసిన ప్రోగ్రామ్ ఎవరికిచ్చినా దాని సోర్సు, అంటే అసలు కోడు, కూడా అదే షరతు మీద ఇవ్వాలనే లైసెన్సు. నేను ఏమాత్రం ఆలోచించకుండా "నీదేరా బాబూ, టూలు నాది, ఆట నీది, పెన్ను ఇచ్చినోడికి కథ మీద హక్కుంటుందా" అని కొట్టేశా. పడుకోబోయే ముందు ఎందుకో అనుమానం వచ్చి అతని ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచా. ఆరువేల చిల్లర లైన్లుంటే అందులో నాలుగువేల పైన నావే. అంటే నేనిచ్చింది పెన్నొక్కటే కాదు, పెన్నుతో పాటు సగం పుస్తకం రాసి మరీ ఇస్తున్నా. మ్యాప్ గీసే కోడు, టచ్ కోడు, ఆ డైలాగ్ బాక్సు, అన్నీ ప్రతి ఆటలోనూ వెళ్తున్నాయి, పైగా పిల్లలు పెట్టిన తెలుగు డబ్బాలు జావాస్క్రిప్టుగా మారి నా కోడు మధ్యలోనే కుట్టేసుకుంటున్నాయి. ఈ మొత్తానికీ కలిపి ఉన్న లైసెన్సు, నేను రెండేళ్ళ కిందట రిపోలో (కోడు దాచే చోట) పడేసిన ఒకే ఒక్క జీపీఎల్ 3 ఫైలు. అప్పుడు చదవను కూడా లేదు, ఓపెన్ సోర్స్ అంటే అదేగా అని పెట్టేశా.

కుర్రాడికి పొద్దున్నే మెసేజ్ పెట్టా, "నిన్న చెప్పింది తప్పేమో, రెండు నెలలు ఆగు, సరి చేస్తా" అని. "సరే అన్నా" అన్నాడు. ఆ సరేలో ఉత్సాహం లేదు.

జులై 14

వారమంతా పాత కథలు చదివా. ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కాదని తెలిసి కొంచెం ఊరట.

గ్నూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వాళ్ళ బైసన్ ఉంది కదా, గ్రామర్ ఇస్తే పార్సర్ (రాసినదాన్ని ఆ గ్రామర్ ప్రకారం విడదీసి చదివే ప్రోగ్రామ్) కోడు రాసిచ్చే టూలు, అచ్చం ఇదే సమస్య. బైసన్ పుట్టించే ఫైల్లో బైసన్ సొంత కోడు పెద్ద ముక్క ఉంటుంది. అందుకని 1.24 వెర్షన్‌కి ముందు దాంతో చేసిన పార్సర్‌ని ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో తప్ప వాడుకోడానికి వీల్లేదు. తర్వాత వాళ్ళే లైసెన్సులో మినహాయింపు రాసి వదిలేశారు, మిగతా రకాల పార్సర్లకి కూడా 2.2లో ఇచ్చారు. గ్నూ వాళ్ళ కంపైలర్ జీసీసీకీ ఇలాంటి మినహాయింపే ఉంది, కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌లోకి వెళ్ళే దాని రన్‌టైమ్ లైబ్రరీకి, ఇప్పుడున్న రూపం 2009లో రాసింది. అది లేకపోతే జీసీసీతో కంపైల్ చేసి అమ్ముకునేవాళ్ళ పరిస్థితి ఏంటో ఊహించుకోండి.

గేమ్ ఇంజన్ల వైపు వస్తే గొడో వాళ్ళు 2014లో కోడు బయటపెట్టినప్పుడే మొత్తం ఎంఐటీ కింద (నోటీసు ఉంచి ఏమైనా చేసుకోమనే లైసెన్సు) పెట్టేశారు, ఎడిటరూ అదే, ఆటలోకి వెళ్ళేదీ అదే, ఇంక ప్రశ్నే లేదు. ఆటలు చేసేవాళ్ళు వాడే ఎస్‌డీఎల్ లైబ్రరీ పాత 1.2 ఎల్‌జీపీఎల్ (లైబ్రరీల కోసం కొంచెం సడలించిన జీపీఎల్) కింద ఉండేది, 2.0కి వచ్చేసరికి ఎంఐటీ లాంటి జెడ్‌లిబ్ లైసెన్సుకి మారిపోయారు. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ కూడా జీపీఎల్, దాంతో గీసిన బొమ్మ గీసినవాడిదే, కానీ అందులో గేమ్ ఇంజన్ ఉన్న రోజుల్లో ఆటని ప్లేయర్‌తో కలిపి ఒకే ఫైలు చేస్తే సంగతేంటి అని జనం ఇలాగే కొట్టుకునేవారు. నాది సరిగ్గా ఆ చివరి కేసు, కలిపి ఒకే ఫైలు.

అంటే తేల్చాల్సింది "నా ప్రాజెక్టుకి ఏ లైసెన్సు" అని కాదు. ఇంట్లో ఉండిపోయేది ఏది, ఆటతో పాటు గడప దాటేది ఏది, ముందు ఆ గీత గియ్యాలి.

జులై 21

గీత గీశా. చెప్పినంత వీజీ కాదు, ఎడిటర్ ఫోల్డర్లో ఉన్న ఫైలుని రన్‌టైమ్, అంటే ఆటతో పాటు వెళ్ళి దాన్ని నడిపే కోడు, పిలుస్తోంది, రన్‌టైమ్‌లో ఉన్నది ఎడిటర్ ప్రివ్యూ వాడుకుంటోంది, రెండేళ్ళ బద్ధకమంతా బయటపడింది. మూడు రాత్రులు విడదీస్తూనే ఉన్నా. ఇప్పుడు ఎక్స్‌పోర్ట్‌లోకి రన్‌టైమ్ ఫోల్డర్ తప్ప ఇంకేదీ వెళ్ళదు, వెళ్తే బిల్డ్ ఫెయిలవుద్ది.

ఎడిటర్ జీపీఎల్ 3లోనే ఉంచుతున్నా. "అన్నీ ఎంఐటీ చేసి పడెయ్ బాస్, తలనొప్పి పోద్ది" అని ఆఫీసు ఫ్రెండ్ అన్నాడు. అనొచ్చు. కానీ పోయినేడు ఒక కోచింగ్ వాళ్ళు పాత వెర్షన్ తీసుకుని, పేరు మార్చి, రంగులు మార్చి, తెలుగు కోడింగ్ కిట్ అని స్కూళ్ళకి తిప్పారు, సోర్సు అడిగితే ఫోనెత్తలేదు. అమ్ముకున్నందుకు నాకు బాధ లేదు, జీపీఎల్‌లో అమ్ముకోవచ్చు, చాలామంది అమ్మకూడదనుకుంటారు గానీ అది అపోహ. అమ్మితే కొన్నవాడికి సోర్సు ఇవ్వాలి, అంతే, వాళ్ళు చెయ్యనిది అదే. ఎడిటర్ అంతా జావాస్క్రిప్టు, చూసేవాడి బ్రౌజర్లోకి దిగి నడుస్తుంది కాబట్టి వెబ్‌సైట్లో పెట్టడం కూడా కాపీ పంచడం కిందే వస్తుంది, అందుకే సర్వర్లో నడిపినా వాడేవాళ్ళకి సోర్సు ఇవ్వాలనే ఏజీపీఎల్ దాకా పోలేదు.

రన్‌టైమ్‌కి ఎల్‌జీపీఎల్ చూశా. అందులో లైబ్రరీని మార్చి మళ్ళీ పెట్టుకునే వీలు ఆడేవాడికి ఇవ్వాలి, ఆ బాధ్యత ఏడో క్లాసు పిల్ల నెత్తిన ఎందుకు. బైసన్ లాగా మినహాయింపు రాద్దామంటే లాయర్లు రాయాల్సిన వాక్యం నేను రాస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎంఐటీ. ఒక్కటే షరతు, కాపీరైట్ నోటీసూ లైసెన్సు పాఠమూ ప్రతి కాపీలో ఉండాలి, అది పిల్లలు మర్చిపోతారు కాబట్టి ఎక్స్‌పోర్టరే ఫైలు పైన కామెంటులో పెట్టేస్తుంది.

ఆగస్టు 4

నేను అనుకోగానే అయిపోదు. కోడంతా నాది కాదు కదా. ఇంకో నలుగురు రాసిన ముక్కలున్నాయి, వాళ్ళు ఇచ్చింది జీపీఎల్ కింద, ఎంఐటీకి మార్చాలంటే ఎవరి ముక్కకి వాళ్ళు ఒప్పుకోవాలి. ముగ్గురు రెండు రోజుల్లో సరే అన్నారు, ఒకాయన "ఎనిమిది లైన్లు రాసినందుకు ఇంత మర్యాదా" అన్నాడు. నాలుగో మనిషి టచ్ జాయ్‌స్టిక్ రాశాడు, 140 లైన్లు, మెయిలు వెనక్కి వచ్చేసింది, ఆ హ్యాండిల్‌తో ఇంకెక్కడా లేడు. బతికున్నాడో లేడో కూడా తెలీని మనిషి తరఫున నేను సరే అనుకోలేను.

పీకేశా. కొత్తది నేను రాయకూడదు, పాతది వందసార్లు చూశా, తెలీకుండానే అదే వస్తుంది. రిపో ముఖమే చూడని ఆఫీసు ఫ్రెండ్‌కి ఒక పేజీ రాసిచ్చా: బొటనవేలు ఎక్కడ ఆనితే అదే మధ్య, ఇంత దూరం దాకా కదలిక లెక్కలోకి రాదు, ఎనిమిది దిక్కులు. శనివారం రాసిచ్చాడు, 90 లైన్లు, పాతదానికన్నా బాగుంది. సిరిపురంలో బిర్యానీ బాకీ.

ఇకమీదట ఎవరు కోడిచ్చినా కమిట్‌లో (మార్పు నమోదులో) సైన్డ్-ఆఫ్ లైను ఉండాలి, లినక్స్ కెర్నల్ వాళ్ళు 2004 నుంచి చేస్తున్నదే. "ఇది నేను రాసిందే, ఈ లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుంది" అని దానర్థం. హక్కులన్నీ నాకు రాసిచ్చెయ్యమని ఒప్పందాలు పెట్టడం నాకిష్టం లేదు, అలా పెట్టి రేపు నేను మారిపోతే?

ఆగస్టు 18

ఆ మాట రాశాక ఇంకో గొయ్యి కనపడింది. అసలు నేను రాసింది నాదేనా?

మా పెదనాన్న లాయరు, మహారాణిపేటలో ఆయనింటికి వెళ్ళా. కాఫీ వచ్చేలోపే "ఉద్యోగం చేస్తన్నావు కదరా, ఆఫర్ లెటర్ చదివేవా?" అన్నారు. 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందకే వస్తుందట, కథలూ కవిత్వాల పక్కన. 17(సి) ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసింది యజమానిదే, వేరే ఒప్పందం లేకపోతే. నేను రుషికొండ ఆఫీసులో రాసేది బ్యాంకు సాఫ్ట్‌వేర్, ఇది రాసేది ఇంట్లో నా లాప్‌టాప్‌లో, దానికీ దీనికీ సంబంధం లేదు. "అయితే అదే మాట కాయితం మీద తెచ్చుకో, నోటిమాట కోర్టులో నిలబడదు" అన్నారు. హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టా. చూడాలి.

బొమ్మల సంగతి కూడా అడిగా. మ్యాపులకి వేసే బొమ్మలన్నీ మా బావమరిది గీశాడు, తాటిచెట్టు, లైట్‌హౌసు, పూర్ణా మార్కెట్ బళ్ళు, కొండ మీద మెట్లు, పదహారు బై పదహారు పిక్సెళ్ళలో. వాడి దగ్గర హక్కులు రాయించుకుందామని నెట్‌లో దొరికిన కాయితం నింపి తీసుకెళ్తే పెదనాన్న కళ్ళద్దాలు పైకి తోసి, "ఎన్నేళ్ళకిరా? ఏ దేశాలకి?" అన్నారు. అందులో రాయలేదు. రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం అయిదేళ్ళకే, ఇండియా వరకే అనుకుంటారట. అంటే అయిదేళ్ళు పోయాక పిల్లల ఆటల్లో తాటిచెట్లు గాల్లో వేలాడతాయి. కాయితం అక్కడే చింపేశా.

ఆగస్టు 25

బావమరిదితో కూర్చున్నా. సీసీ జీరో అంటే ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు, పేరు కూడా చెప్పక్కర్లేదు అని వివరించా. కొంచెంసేపు మాట్లాడలేదు. "అయితే బావా, నా పేరు?" అన్నాడు.

ఏం చెప్పాలో తోచలేదు. మూడు నెలలు కూర్చుని గీశాడు, ఒక్క రూపాయి అడగలేదు. పేరు తప్పనిసరి అనే సీసీ బై పెడదామంటే, పిల్ల తాటిచెట్టు ఒక్కటి వాడి పేరు మర్చిపోతే అది ఉల్లంఘన. చివరికి ఇలా కుదిరింది: లైసెన్సు సీసీ జీరోనే, కానీ ఎక్స్‌పోర్టర్ పెట్టే "చేసినవాళ్ళు" తెరలో బొమ్మలు ఎవరివో మొదటి లైను, కావాలంటే తీసేసుకోవచ్చు గానీ ఉండటం డీఫాల్టు. డీఫాల్టుని ఎవడూ ముట్టుకోడు, అది నా అనుభవం. పెదనాన్న ఫోన్లో ఇంకో మాట చెప్పారు, 57వ సెక్షన్ అని ఉందట, హక్కులు రాసిచ్చేసినా "ఇది గీసింది నేనే" అని చెప్పుకునే హక్కు గీసినవాడికే ఉంటుంది. అది విన్నాక వాడి మొహం వెలిగింది.

సెప్టెంబర్ 1

సౌండ్లు. పదకొండు సౌండ్లు "ఫ్రీ" అని ఎప్పుడో దింపుకున్నవి, ఇప్పుడు ఒక్కోదాని మూలం వెతికితే ఆరింటికి నాన్ కమర్షియల్ అని ఉంది. గాజువాక కుర్రాడి పది రూపాయల ఆటలో అవి ఉండకూడదు. తీసేసి సొంతంగా రికార్డు చేస్తున్నా.

పొద్దున్న అయిదింటికి ఆర్‌కే బీచ్‌లో అలలు. ఫోన్ మైకుకి గాలి తప్ప ఏమీ ఎక్కలేదు, పాత సాక్స్ తొడిగితే కాస్త నయం. కాయిన్ దొరికిన సౌండు ఏం పెట్టాలో తోచలేదు గానీ సాయంత్రం మురీ మిక్చర్ బండి దగ్గర నిలబడితే ఆయన స్టీలు గిన్నెలో గరిటెతో మరమరాలూ ఉల్లిపాయా కలుపుతూ చివర్లో అంచు మీద రెండు దెబ్బలు కొడతాడు చూడండి, టక్ టంగ్, ఆ రెండో దెబ్బ! అదే కాయిన్. రికార్డు చేసుకోవచ్చా, అందరికీ ఫ్రీగా ఇస్తాను అని అడిగితే "గిన్నె సప్పుడుకి కూడా అడగాలేటి బాబూ" అని నాకోసం ఇంకో పదిసార్లు కొట్టాడు. రెండు పొట్లాలు తిన్నా, కారం ఎక్కువైంది.

సెప్టెంబర్ 13

ఇవాళ అందరి నోటా యూనిటీ, ఆ గేమ్ ఇంజన్ కంపెనీ. పోయినేడు సరిగ్గా ఇదే సెప్టెంబర్ 12న ఇన్‌స్టాల్‌కి ఇంత అని రన్‌టైమ్ ఫీజు ప్రకటించి గొడవ చేసుకున్నారు, నిన్న దాన్ని రద్దు చేశారు. చూడండి, అక్కడా పేచీ రన్‌టైమ్ దగ్గరే, ఆటతో పాటు గడప దాటేదాని దగ్గర.

హెచ్ఆర్ జవాబు మొన్ననే వచ్చింది, ఒక్క లైను: కంపెనీ లాప్‌టాప్ వాడనంత వరకు అభ్యంతరం లేదు. ప్రింటు తీసి పెదనాన్నకి చూపించా. "దాచు" అన్నారు.

సెప్టెంబర్ 29

ఫాంటు. ఎక్స్‌పోర్ట్‌లో నోటో సాన్స్ తెలుగు కలిపి పంపుతున్నా, సైజు తగ్గించడానికి అక్కర్లేని గ్లిఫ్‌లు (ఫాంటులోని అక్షరాల బొమ్మలు) కత్తిరిస్తున్నా. ఓపెన్ ఫాంట్ లైసెన్సు 1.1 ప్రకారం ఫాంటుని దేంతోనైనా కలిపి అమ్మొచ్చు, ఒక్కదాన్నే అమ్మకూడదు. నోటీసు, లైసెన్సు వెంట ఉండాలి. పేరు రిజర్వు చేసుకున్న ఫాంటైతే కత్తిరించాక ఆ పేరు వాడకూడదు, దీనికి ఆ గొడవ లేదు. ఒకసారి కత్తిరించడంలో వత్తులు పోయాయి, "అమ్మ" కాస్తా పొల్లుతో వచ్చింది, వత్తుల గ్లిఫ్‌లకి విడిగా యూనికోడ్ నంబర్లుండవు, ఫాంటులోని టేబుల్ ద్వారానే వస్తాయి, ఆ సంగతి టూలుకి చెప్పాలి.

అక్టోబర్ 12, దసరా

హుద్‌హుద్ తుఫానుకి పదేళ్ళు ఇవాళ్టికి. అప్పటి హార్డ్ డిస్కు నీళ్ళలో పోయింది, అందుకే ఇప్పుడు రిపో మూడు చోట్ల ఉంటుంది. ఆయుధ పూజకి నిన్న లాప్‌టాప్‌కి బొట్టు పెట్టిన అమ్మ "ఇది ఎప్పటికి అయిపోద్దిరా" అంది.

కొత్త వెర్షన్‌కి 0.4 ట్యాగ్ వేశా. ఎడిటర్ జీపీఎల్ 3, రన్‌టైమ్ ఎంఐటీ, బొమ్మలూ సౌండ్లూ సీసీ జీరో, ఫాంటు దాని లైసెన్సు దానిదే. ప్రతి ఫైలు తలమీద ఏ లైసెన్సో ఒక లైను. కుర్రాడి ప్రాజెక్టు ఫైలు కొత్త వెర్షన్లో తెరిచి ఎక్స్‌పోర్ట్ చేసి పంపించి, "ఇప్పుడు నీదే, ఈసారి చదివి చెప్తున్నా" అన్నా. పది రూపాయలు పంపి మొదటి కాపీ నేనే కొన్నా. జాయ్‌స్టిక్ మారడంతో తెప్ప తిప్పడం అలవాటు తప్పి మూడుసార్లు మునిగా.

అక్టోబర్ 13

ఎక్స్‌పోర్ట్ నొక్కగానే కొత్తగా ఒక డబ్బా వస్తుంది, "ఈ ఆట చేసినవాళ్ళ పేరు?" అని. అక్కడ రాసిందే ఫైలు తలమీద ఆటకి కాపీరైట్ లైనుగా పడుతుంది, నా రన్‌టైమ్ నోటీసు దాని కింద. మా టెస్టరు రాత్రి తన ఆట పంపింది, మేడ మీద పిల్లి, ఎండబెట్టిన వడియాలు, అమ్మమ్మ. తెరిచి చూస్తే మొదటి లైను: "కాపీరైట్ 2024 నేనే".

పేరు సరిగ్గా రాయించే చెక్ పెట్టమని ఇష్యూ ఒకటి రాసుకున్నా. ఇంకా దాన్ని ముట్టుకోలేదు.